ఐదేళ్ళ కథ, అంతకన్నా పొడుగైన తగాదా

మా అపార్ట్‌మెంట్‌లో గొడవలు రెండింటి మీదే వచ్చేవి. ఒకటి వంట వంతులు, రెండోది బాబిలోన్ 5, ఒక అంతరిక్ష స్టేషన్ మీద జరిగే అమెరికన్ టీవీ సీరియల్. మొదటిది ఎలాగో తేలిపోయేది, ఆకలి ఆగదు కనుక. రెండోది ఇప్పటికీ తేలలేదు.

1994 ఆగస్టు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ ఊరు. నలుగురం ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో చేరాం. పేర్లు రాయను, ఆ రోజుల్లో మేం పేర్లతో పిలుచుకున్నది కూడా తక్కువే. గుంటూరు, వరంగల్, నేను కడప. నాలుగో ఆయన మాకంటే చాలా పెద్ద, పీహెచ్‌డీ చివర్లో ఉన్నాడు, అందుకని ఊరికే ‘గారు’ తగిలించి బందరుగారు అనేవాళ్ళం. ఆయనకి అది నచ్చేది కాదు, కానీ ఎవరు వింటారు.

ఆ ఊళ్ళో లీజులన్నీ ఆగస్టులోనే మారేవి. ఆ వారం చెత్తడబ్బాల పక్కన సోఫాలు, పరుపులు, టీవీలు వదిలేసి పోయేవాళ్ళు. మా టీవీ అలా దొరికిందే. దాంట్లో పచ్చరంగు ఒక పాలు ఎక్కువ. మనుషులు కూడా గ్రహాంతరవాసుల్లా కనపడేవాళ్ళు, అది మాకు తర్వాత పనికొచ్చింది. వీసీఆర్ మాత్రం చందాలు వేసుకుని కొత్తది కొన్నాం.

మా ల్యాబ్‌లో ఒక అమెరికన్ ఉండేవాడు. మిలిటరీలో కొన్నాళ్ళు చేసి, మళ్ళీ చదువుకి వచ్చినవాడు. సైన్స్ ఫిక్షన్ చదువుతానని నేను మాటవరసకి అంటే మర్నాడు ఒక సంచీ నిండా క్యాసెట్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. బాబిలోన్ 5 మొదటి సీజన్‌లో అప్పటిదాకా వచ్చిందంతా. ఒక షరతు పెట్టాడు: వరసగా చూడాలి, ఒక్కటి కూడా దాటేయకూడదు.

ఇప్పుడు ఇది వింటే నవ్వొస్తుంది, వరసగా చూడక ఇంకెలా చూస్తారని. అప్పుడు టీవీ సీరియల్‌కి ఆ షరతు వింతే. ఆ ఏడాది మే నెలలోనే స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ అనే అంతరిక్ష ఓడ సీరియల్ ఏడు సీజన్లు ముగించుకుని వెళ్ళింది. అందులో ఓడకి ఎంత పెద్ద దెబ్బ తగిలినా, కెప్టెన్‌కి ఎంత కష్టం వచ్చినా, దాదాపు ఎప్పుడూ వచ్చే వారానికి అన్నీ యథాస్థానంలో ఉండేవి. అది రచయితల చేతకానితనం కాదు, వ్యాపారం. ఇలాంటి సీరియళ్ళని ఊరూరి స్టేషన్లు విడివిడిగా కొనుక్కుని, తమకి వీలైన టైములో వేసుకునేవి. తర్వాత పాత ఎపిసోడ్లని ఏ వరసలో వేస్తారో ఎవరికీ తెలియదు. మధ్యలో ఒకటి తప్పిపోయినవాడికి కూడా కథ అర్థం కావాలి. కాబట్టి ఏ వారం కథ ఆ వారమే. 1993లో మొదలైన ఎక్స్-ఫైల్స్ ఒక మధ్యేమార్గం పట్టింది: కొన్ని వారాలు విడి భూతం కథ, కొన్ని వారాలు గ్రహాంతరవాసుల కుట్ర కథ. ఆ కుట్ర ఎక్కడికి పోతోందో రాసేవాళ్ళకి తెలుసా అన్నది అప్పటికే ఒక అనుమానం.

అలాంటి కాలంలో జె. మైకెల్ స్ట్రజిన్‌స్కీ అనే ఆయన వచ్చి, నా దగ్గర ఐదేళ్ళ కథ ఉంది, దానికి మొదలు, నడుమ, ముగింపు అన్నీ ఉన్నాయి, ముగింపు ఏమిటో నాకిప్పుడే తెలుసు అన్నాడు. ఏడాదికి 22 ఎపిసోడ్లు, ఐదేళ్ళకి 110. అదే బాబిలోన్ 5.

మొదటి సీజన్ గొప్పగా ఉందని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. రబ్బరు ముఖాలు, కర్రల్లా నిలబడి మాట్లాడే నటులు. మోడల్ బొమ్మలు లేకుండా అంతరిక్షం అంతా కంప్యూటర్‌లో గీసిందే. మొదట్లో ఆ పని ఇళ్ళలో వాడే అమీగా కంప్యూటర్ల మీద చేశారని తెలిసి ఇంజనీరింగ్ వాళ్ళం నోరు తెరిచాం గానీ, కథకీ దానికీ సంబంధం లేదు. గుంటూరు మొదటి నాలుగు ఎపిసోడ్లకే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వాడు పుట్టుకతో స్టార్ ట్రెక్ మనిషి. "ఇదేం స్టేషన్‌రా బాబూ, బస్టాండులా ఉంది" అన్నాడు. నిజానికి అది బస్టాండే. ఎనిమిది కిలోమీటర్ల పొడుగు, రెండున్నర లక్షల జనాభా, దౌత్యవేత్తలూ దొంగలూ వ్యాపారులూ బిచ్చగాళ్ళూ అందరూ కలిసి ఉండే చోటు. దానికి ముందు కట్టిన మూడింటిని ఎవరో పేల్చేశారు. నాలుగోది పని మొదలుపెట్టిన 24 గంటల్లో ఆనవాలు లేకుండా మాయమైంది. అందుకే ఇది ఐదోది.

మమ్మల్ని పట్టేసింది పదమూడో ఎపిసోడ్. మోర్డెన్ అనే నవ్వు మొహం మనిషి స్టేషన్‌కి వచ్చి ఒక్కో రాయబారి దగ్గరికీ వెళ్ళి ఒకే ప్రశ్న అడుగుతాడు, నీకేం కావాలి అని. నార్న్ జాతి రాయబారి జికార్ పగ కావాలంటాడు, తమ పాత శత్రువులు సెంటారీలు సర్వనాశనం కావాలంటాడు. ఆ తర్వాతేం కావాలని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. మిన్బారీ రాయబారి డెలెన్ అతన్ని బయటికి పొమ్మంటుంది. సెంటారీ రాయబారి లాండో మొలారి మొదట విసుక్కుని, చివరికి కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు: మా వాళ్ళు మళ్ళీ గొప్పవాళ్ళు కావాలి, పోయిన వైభవమంతా తిరిగి రావాలి అని. మోర్డెన్‌కి కావలసిన మనిషి దొరికాడు.

"వరం ఏం అడుగుతాడో చూస్తే చాలు, మనిషి ఏమిటో తెలిసిపోతుంది" అన్నారు బందరుగారు. అప్పటిదాకా ఆయన పక్కనే థీసిస్ కాగితాలు దిద్దుకుంటున్నారు, చూస్తున్నారని కూడా మాకు తెలియదు.

వరంగల్ ఒప్పుకోలేదు. "అడిగినోడు గొప్పోడు సార్. వాడు ఎవ్వన్నీ బలిమి చెయ్యలే. ఊకె అడిగిండు, గంతే." అక్కడ మొదలైంది మా తగాదా.

రెండో సీజన్ నవంబరులో మొదలవుతూనే కమాండర్ సింక్లేర్ లేడు. కథానాయకుడు! మొదటి సీజన్ అంతా అతని జీవితంలో మాయమైన 24 గంటల చుట్టూ తిప్పి, అతన్ని రాయబారిగా ఎక్కడికో పంపేశారు. అతని కుర్చీలో షెరిడన్ అనే కొత్త కెప్టెన్ కూర్చున్నాడు. గుంటూరుకి పండగే. "మీ ఐదేళ్ళ ప్లాను ఏడాదికే పోయిందిరోయ్!" అని వారం రోజులు ఎగిరాడు. ప్రతి పాత్రకీ తప్పించే దారి ఒకటి ముందే పెట్టుకున్నానని స్ట్రజిన్‌స్కీ చెప్పాడని మా ల్యాబ్ మిత్రుడి వాదన. నటుడు వెళ్ళిపోయినా, చనిపోయినా కథ ఆగకుండా ఆ దారిలో వేరేవాళ్ళు వచ్చేస్తారట. ఆ మాటనే నేను గుంటూరుకి అప్పజెప్పాను. "అంటే ఎవరు పోయినా పర్లేదన్నమాట, మనుషులు కాదు పేకముక్కలు" అన్నాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేక గిన్నెలు కడగడానికి లేచాను.

ఆ నటుడు మైకెల్ ఓ'హేర్ ఎందుకు వెళ్ళిపోయాడన్న దాని మీద అప్పట్లో రకరకాల ఊహలు. జీతం దగ్గర తేడా వచ్చిందనీ, స్టూడియోకి పెద్ద స్టార్ కావాలనీ. అసలు సంగతి 2013లో ఒక కన్వెన్షన్‌లో స్ట్రజిన్‌స్కీ చెప్పాడు. ఓ'హేర్ అంతకు ముందటేడు, 2012లో చనిపోయాడు. మొదటి సీజన్ షూటింగ్ నడుమే ఆయనకి తీవ్రమైన మానసిక జబ్బు, భ్రమలు. షూటింగ్ ఆపేసి వైద్యం చేయించుకోమని స్ట్రజిన్‌స్కీ అంటే, అలా ఆపితే ఇంతమంది ఉద్యోగాలు పోతాయని ఓ'హేర్ ఒప్పుకోలేదు. ఎలాగో ఆ సీజన్ పూర్తి చేశాడు. ఆయన బతికి ఉన్నంతకాలం ఎవరికీ చెప్పనని మాట ఇచ్చిన స్ట్రజిన్‌స్కీ, దాదాపు ఇరవై ఏళ్ళు ఆ మాట మీద ఉన్నాడు. అది చదివిన రోజు నేను మొదటి సీజన్ మళ్ళీ పెట్టుకుని చూశాను. కర్రలా నిలబడి మాట్లాడతాడని మేం వెక్కిరించిన మనిషి, నిలబడడానికి ఎంత పడ్డాడో అప్పుడు కనిపించింది.

ఇక 1995 వేసవి. అప్పటి పంపిణీ సంస్థ చివరి నాలుగు ఎపిసోడ్లు దాచిపెట్టింది. కొత్త సీజన్ మొదలయ్యే ముందు అక్టోబరులో వేస్తారట. అదే సమయానికి ఇంగ్లండులో ఛానెల్ ఫోర్ వాటిని వేసేస్తోంది! అమెరికా సీరియల్‌ని అమెరికా కంటే ముందు బ్రిటన్ చూస్తోందని మా ల్యాబ్ మిత్రుడు కోపంతో ఊగిపోయాడు. అక్కడ అతనికి తెలిసినవాళ్ళు ఉంటే రికార్డు చేసి క్యాసెట్ పంపించమన్నాడు. వచ్చింది. మా వీసీఆర్‌లో పెడితే గీతలు తప్ప ఏమీ లేదు. బ్రిటన్‌ది పాల్ పద్ధతి, 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకి దాదాపు 30. దీన్ని మార్పించాలంటే స్టూడియోకి ఇవ్వాలి, డబ్బులు కావాలి.

"ఇండియాది కూడా పాలే కదా" అన్నారు బందరుగారు. అంతే, అందరం ఒక్కసారి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఆ రోజుల్లో అమెరికాలో కాస్త స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇళ్ళలో మల్టీసిస్టం వీసీఆర్ ఉండేది. ఊరి నుంచి పెళ్ళి క్యాసెట్లు, సినిమా క్యాసెట్లు వచ్చేవి, అవన్నీ పాల్. అవి చూడాలంటే ఆ వీసీఆరే కావాలి. బందరుగారికి అరగంట దూరంలో ఒక డాక్టరుగారి కుటుంబం తెలుసు. ఫోన్ చేసి, ఇంగ్లండు నుంచి ఒక క్యాసెట్ వచ్చింది, చూసుకోవచ్చా అని అడిగారు. ఎవరి పెళ్ళి అని అడిగారట ఆంటీ.

ఆ శనివారం మేం నలుగురం, మా ల్యాబ్ మిత్రుడు వాళ్ళింటికి వెళ్ళాం. ముందు భోజనం. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వడియాలు. అమెరికన్‌కి గోంగూర పుల్లగా తగిలి కళ్ళు మూసుకున్నా రెండోసారి వేయించుకున్నాడు. ఆ తర్వాత హాల్లో కార్పెట్ మీద కూర్చుని క్యాసెట్ పెట్టాం. డాక్టరుగారు పేపరు చదువుకుంటున్నారు. ఆంటీ తమలపాకులకి తొడిమలు తుంచుతూ సోఫాలో కూర్చున్నారు.

రెండో సీజన్‌లో ఇరవయ్యో ఎపిసోడ్ అది. సెంటారీల నౌకలు నార్న్ గ్రహం మీద ఆకాశం నుంచి పెద్ద పెద్ద బండరాళ్ళు విసిరి ఊళ్ళకి ఊళ్ళు నేలమట్టం చేస్తాయి. ఒప్పందాల ప్రకారం నిషేధించిన ఆయుధం అది. లాండో ఒక నౌకలో అద్దం దగ్గర నిలబడి చూస్తుంటాడు. అక్కడ డైలాగు లేదు. కింద కాలిపోతున్న గ్రహం, అద్దంలో అతని మొహం. పీటర్ జురాసిక్ అనే ఆ నటుడు అక్కడ ఏం చేశాడో నాకు ఇప్పటికీ వర్ణించడం చేతకాదు. ఏమీ చేయడు, చూస్తాడు.

హాల్లో ఎవరూ కదల్లేదు. ఆంటీ అడిగారు: "ఆ జుట్టు పైకి విప్పుకున్నాయన ఎందుకలా అయిపోయాడు? చేయించింది ఆయనే కాదూ?"

ఆవిడ దానికి ముందు ఒక్క ఎపిసోడ్ చూడలేదు. బందరుగారు మర్యాదగా, "అవునండీ, ఆయన మొదట చిన్న సాయమే అడిగాడు, అది ఇంతదాకా వచ్చింది" అని చెప్పారు. "అయితే మొదట్లోనే వద్దనాల్సింది" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు, పిల్లలకి పాలు కలపడానికి.

తిరుగు ప్రయాణంలో కారెక్కగానే గుంటూరు అందుకున్నాడు. "చూశావా? ఆవిడకి ఒక్క గంటలో మొత్తం అర్థమైంది. మరి మీ రెండేళ్ళ కథ దేనికి?"

గట్టి దెబ్బే. నేను వెంటనే అన్నది మాత్రం ఇది: "మొదట్లోనే అన్నారు కదా ఆంటీ. ఆ మొదలు ఎక్కడో చెప్పు."

అరగంట దారంతా అదే. మోర్డెన్ అడిగినప్పుడు మనసులో మాట చెప్పడమే మొదలు అన్నాడు ల్యాబ్ మిత్రుడు. చెప్పడం తప్పెలా అవుతుందని నేను. మొదటి సీజన్ చివర్లో సరిహద్దు తగాదా నువ్వేం పట్టించుకోకు, మేం చూసుకుంటామని మోర్డెన్ అన్నప్పుడు, ఎలా చూసుకుంటారని లాండో అడగలేదు. తెల్లారేసరికి అక్కడి నార్న్ స్థావరంలో పదివేలమంది లేరు. అప్పుడైనా భయపడి ఆపేయొచ్చు. ఆపలేదు, ఎందుకంటే ఇంట్లో పరువు పెరిగింది. రెండో సీజన్‌లో సెంటారీ చక్రవర్తి, ముసలాయన, నార్న్‌లకి క్షమాపణ చెప్పుకోవడానికి అంత దూరం ప్రయాణం చేసి వస్తాడు, చెప్పకముందే కుప్పకూలతాడు. ఆ కబురు డాక్టర్ ద్వారా జికార్‌కి చేరుతుంది. జీవితంలో మొదటిసారి సెంటారీని నమ్మి, జికార్ లాండోని వెతుక్కుంటూ వచ్చి తాగడానికి పిలుస్తాడు. అప్పటికే లాండో మోర్డెన్‌కి రెండో పని అప్పజెప్పి వచ్చాడు. చేతిలో గ్లాసు, ఎదురుగా స్నేహంగా నవ్వుతున్న శత్రువు. ఆ క్షణాన లేచి వెళ్ళి వద్దని చెప్పేందుకు కూడా టైము లేదు. నా లెక్కలో మొదలు అది కాదు, ముగింపు అది.

వెనక సీట్లోంచి వరంగల్: "అసల్ మొదలు మీరు జెప్పెటియి ఏవీ గావు. సెంటారీలు నార్న్‌ల నేల మీద వందేండ్లు కూసున్నరు. జికార్ నాయనను చెట్టుకు కట్టి సంపిండ్రు. గది మొదలు. లాండో బాధలు నాకెందుకు?" ఆ మాట తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గుంటూరు కూడా.

పెద్ద కథలో నేను చూసే గుణం ఇదొక్కటే. రహస్యాలు, భవిష్యవాణులు, ఎవరు ఎవరి తర్వాత పుట్టారన్న చిక్కుముళ్ళు, ఇవన్నీ ఎవరైనా పెట్టగలరు. ఒక మనిషి వెనక్కి తిరగగలిగిన చోట్లు నాలుగో ఐదో చూపించి, ప్రతి చోటా అతను ఎందుకు తిరగలేదో మనకి నమ్మకం కలిగించాలంటే నిడివి కావాలి. ఒక గంటలో లాండో దుర్మార్గుడు, లేదా పాపం మంచివాడు. రెండేళ్ళలో అతను మనకి తెలిసిన మనిషి.

చిక్కుముడి సరదా కూడా మేం వదులుకోలేదు లెండి. 1996 మే నెలలో సింక్లేర్ తిరిగొచ్చాడు, రెండు భాగాల కథ. మాయమైన నాలుగో స్టేషన్‌ని వెయ్యేళ్ళ వెనక్కి తీసుకుపోయి, మిన్బారీల మహాపురుషుడు వాలెన్ అయ్యేది అతనే అని తేలింది. మొదటి సీజన్‌లో అదే సంఘటనని మేం ఇటువైపు నుంచి చూశాం. వీసీఆర్ ఒక్కటే కాబట్టి ఈ క్యాసెట్ కాసేపు, ఆ క్యాసెట్ కాసేపు మార్చి మార్చి పెడుతూ, ఏ మాట ఎక్కడ సరిపోయింది, ఏది అతకలేదు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఆ వారం నా హోంవర్క్ గతి చెప్పను. ఓ'హేర్ వెళ్ళకపోతే కథ వేరేగా ఉండేదని ఆ అతుకుల్లోనే తెలుస్తుంది. అయినా అతికింది. గుంటూరు అది ఒప్పుకున్నాడు, కానీ తిరగేసి: "చూశారా, దారి తప్పాకే బాగుంది."

వాడి పార్టీ స్టార్ ట్రెక్‌లోనే ఇంకో సీరియల్, డీప్ స్పేస్ నైన్. అది 1993 జనవరిలో మొదలైంది, అదీ స్టేషనే. స్ట్రజిన్‌స్కీ తన కథని 1989లో ఆ సీరియల్ తీసిన పారమౌంట్ స్టూడియోకి చూపించాడు కాబట్టి వాళ్ళు కాపీ కొట్టారని ల్యాబ్ మిత్రుడు రగిలిపోయేవాడు. ఆ తగాదా నాకు ఎప్పుడూ బోరే, ఎవరూ రుజువు చేయలేరు, ఎవరూ మానుకోరు. గుంటూరు అసలు వాదన దానికంటే బలమైనది. డీప్ స్పేస్ నైన్ రచయితలు, ఐరా స్టీవెన్ బేర్ బృందం, ముందుగా మ్యాపు గీసుకోలేదు. రెండో సీజన్‌లో డొమీనియన్ అని ఒక శత్రు సామ్రాజ్యం పేరు ఊరికే వదిలారు, దాన్ని పట్టుకుని పోతూ పోతూ యుద్ధం దాకా వెళ్ళారు. పదిమంది కూర్చుని రాసే కథలో పది గొంతులు వినిపిస్తాయి. మీ ఆయన మూడు, నాలుగు సీజన్లలో ప్రతి ఎపిసోడూ ఒక్కడే రాశాడు, అందుకే అందరూ ఒకేలా ఉపన్యాసాలు ఇస్తారు. ఇదీ వాడి మాట. 110లో 92 స్ట్రజిన్‌స్కీ రాసినవే. ఉపన్యాసాల సంగతి నిజమే, ముఖ్యంగా షెరిడన్‌వి.

1998 ఏప్రిల్‌లో వాడికి బ్రహ్మాస్త్రం దొరికింది. ఆ స్టేషన్ కెప్టెన్ సిస్కో, రోములన్‌లనే జాతిని యుద్ధంలోకి లాగడానికి అబద్ధం, దొంగ సాక్ష్యం, చివరికి హత్య దాకా వెళ్ళి, దానితో బతకగలనని కెమెరాకి చెప్పే ఎపిసోడ్. నా దృష్టిలో స్టార్ ట్రెక్ పేరుతో వచ్చిన వాటిలో అంతకన్నా గొప్ప గంట లేదు. "మరి వచ్చే వారం?" అని అడిగాను. వచ్చే వారం సిస్కో మామూలుగానే ఉన్నాడు. "మనుషులు అలాగే ఉంటార్రా. చేసేసి, మర్నాడు ఇడ్లీ తింటారు" అన్నాడు గుంటూరు. నిజమే కావచ్చు. కానీ లాండోని అలా తినేసి వెళ్ళనివ్వలేదు కదా స్ట్రజిన్‌స్కీ.

నాలుగో సీజన్ గురించి వరంగల్ ఎదుట ఎత్తకూడదు. పంపిణీ సంస్థ మూతపడుతోంది, ఐదో ఏడు ఉంటుందో లేదో తెలియదు. కాబట్టి ఉన్న కథంతా నాలుగో ఏడులోకి కుక్కారు. మోర్డెన్ వెనకున్న ప్రాచీన జాతి షాడోలు. మూడేళ్ళు పెంచిన ఆ షాడోల యుద్ధం ఆరో ఎపిసోడ్‌కే అయిపోయింది. అదీ ఎలా? షెరిడన్ షాడోలనీ, వాళ్ళతో కొట్టుకుంటున్న ఇంకో ప్రాచీన జాతినీ నిలబెట్టి, మీ పోట్లాటకి మమ్మల్ని వాడుకోవద్దు, మా గెలాక్సీ వదిలి పొండని తిట్టాడు, వాళ్ళు వెళ్ళిపోయారు. "మూడేండ్ల సంది ఆగితే మాటలతోని అయిపాయె!" అని వరంగల్ రిమోట్ విసిరేశాడు. బ్యాటరీలు సోఫా కిందికి పోయాయి. బందరుగారికి మాత్రం అదే నచ్చింది. పిల్లల్ని ఎలా పెంచాలని అమ్మానాన్నలు కొట్టుకుంటూ ఉంటే, పిల్లలు పెద్దవాళ్ళై, ఇక మీరు ఆపండి అంటారు, అందులో ఫిరంగులెందుకు అని. ఆయనకి అప్పుడే పెళ్ళి కుదిరింది, ఇంట్లో కట్నం దగ్గర పెద్దలతో పేచీ నడుస్తోంది. అందుకని ఆ వాదనకి బలం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు.

తర్వాత టీఎన్‌టీ ఛానెల్ ఐదో ఏడాది ఇచ్చింది. ఇచ్చేసరికి కథ అయిపోయింది. షెరిడన్ తర్వాతి అధికారి ఇవనోవాగా వేసిన క్లాడియా క్రిస్టియన్ వెళ్ళిపోయింది, మొదటి సగం అంతా మనసులు చదివేవాళ్ళ గుంపు ఒకటి పొడుగు జుట్టుతో పాటలు పాడుతుంది. దాని గురించి ఇంతకంటే రాయను. రెండో సగంలో లాండో సింహాసనం ఎక్కుతాడు, ఒంటరిగా, మెడకి కనపడని కాపలా తగిలించుకుని. అది చాలు.

1998కి మేం చెదిరిపోయాం. వరంగల్ న్యూజెర్సీలో వైటూకే ప్రాజెక్టులో, గుంటూరు కాలిఫోర్నియాలో. ఎపిసోడ్ అయ్యాక ఫోన్ కార్డులతో మాట్లాడుకునేవాళ్ళం. టైములో తేడా వల్ల గుంటూరు ఇంకా చూసి ఉండేవాడు కాదు, అయినా వాడికే ముందు చెప్పాలని వరంగల్ ఆరాటం. చివరి ఎపిసోడ్ నవంబర్ 25న, థాంక్స్ గివింగ్ ముందు రోజు వచ్చింది. సెలవు కలిసొచ్చి అందరం బందరుగారింట్లో చేరాం. ఆయన భార్యకి ఈ గొడవంతా కొత్త, పాపం కందిపప్పు నానబోసుకుంటూ మా కేకలు విన్నారు. ఆ ఎపిసోడ్ నిజానికి నాలుగో సీజన్‌కే తీసి పెట్టుకున్నది, అందుకే వెళ్ళిపోయిన ఇవనోవా అందులో ఉంది. చివర్లో ఖాళీ అయిన స్టేషన్‌లో దీపాలు ఆర్పే పనివాడిగా స్ట్రజిన్‌స్కీయే కనిపిస్తాడు. ఆయన మొహం గుర్తుపట్టి ముందు అరిచింది గుంటూరు.

ఆ తర్వాత చాలా వచ్చాయి. బాటిల్‌స్టార్ గలాక్టికా మొదటి సీజన్లలో టైటిల్స్‌లో సైలాన్‌లనే యంత్రజాతికి ఒక ప్లాను ఉందని రాసి చూపించింది, 2009లో అయిపోయేసరికి ఆ ప్లాను ఏమిటో తేలలేదు. దాన్ని నడిపిన రొనాల్డ్ మూర్ డీప్ స్పేస్ నైన్‌లో రాసినవాడే కాబట్టి గుంటూరు దాన్ని కూడా తన ఖాతాలో వేసుకున్నాడు, ముగింపు వచ్చాక నెమ్మదిగా ఖాతాలోంచి తీసేశాడు. ఈమధ్య పది ఎపిసోడ్లని ఒకే రాత్రి వదులుతున్నారు. వాటిలో మంచివి లేవనను. మొదలు ఎక్కడా అని కార్లో కొట్టుకోవడానికి మాత్రం వ్యవధి లేదు, తర్వాతది పదిహేను సెకన్లలో దానంతటదే మొదలైపోతుంది.

జికార్‌గా వేసిన ఆండ్రియాస్ కట్సులాస్ 2006లో పోయాడు. డెలెన్‌గా వేసిన మీరా ఫర్లాన్ 2021 జనవరిలో. యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు ఇరువైపులా తిట్లు తిని, దేశం వదిలి వచ్చిన నటి ఆవిడ. యుద్ధం ఆపాలని తిరిగే పాత్ర వేసింది. అదే నెలలో ఈ సీరియల్‌ని బాగుచేసిన ప్రింటుతో మళ్ళీ విడుదల చేశారు. వరంగల్ వాళ్ళ అబ్బాయితో కలిసి చూడడం మొదలుపెట్టాడు. ఇక మా వాట్సాప్ గ్రూపులో పాత రోజులొచ్చాయి. 1993 పైలట్ సినిమాతో మొదలుపెట్టాలా వద్దా, మొదటి సీజన్‌లో ఏవి దాటేయొచ్చు. గుంటూరు ఏకంగా మొదటి సీజన్ మొత్తం దాటించమన్నాడు. నేను ఒప్పుకోలేదు, సింక్లేర్‌ని దాటేస్తే మే 1996 ఏమైపోవాలి? బందరుగారు ఒక్కో ఎపిసోడ్ మీదా పేరాలకి పేరాలు రాశారు, రిటైరయ్యారు కదా.

కుర్రాడు పట్టు వదలకుండా వరసగానే చూశాడు. చక్రవర్తి వచ్చే ఎపిసోడ్ అయిన రాత్రి వాళ్ళ నాన్నని అడిగాడట, లాండో ఇప్పుడైనా ఆపేయొచ్చు కదా, ఆపేస్తాడా అని. వరంగల్ ఆ ప్రశ్నని అలాగే గ్రూపులో పెట్టాడు, ఏం జెప్పాలె అంటూ.

నేను టైపు చేస్తున్నాను. అందరికంటే ముందు గుంటూరు రాశాడు: "ఎవరూ ఏమీ చెప్పొద్దు. ముఖ్యంగా నువ్వు, కడపా, నోరు మూసుకో."